లారీ సిమ్యులేటర్‌లో స్టీరింగ్, డ్రైవర్‌కు సాయపడే సెట్టింగ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు కుర్రాళ్ళు నలుగురైదుగురు ఆదివారాలు మాధవరంలోని మా ఇంటికి వస్తారు. హాల్లో ఒక చెక్క బల్ల, దానికి బిగించిన స్టీరింగ్, కింద పెడల్స్, ఎదురుగా పెద్ద తెర. ఒకరు తోలుతుంటే మిగతావాళ్ళు చూస్తూ అడుగుతుంటారు. అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే జవాబులు ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

నేను ఎక్కువగా తోలింది యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, ఐరోపా రోడ్ల మీద లారీ తోలే కంప్యూటర్ ఆట. ప్రాగ్‌లోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ దాన్ని 2012లో విడుదల చేసింది. 2016లో వచ్చిన అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్ కూడా వాళ్ళదే. మెనూలు రెండింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పినవి అందులోనూ పనికొస్తాయి.

మా నాన్న మాట ఇందులో చాలాచోట్ల వస్తుంది. మాది నాయుడుపేట. ఆయన ముప్పై ఏళ్ళు చెన్నై–విజయవాడ రోడ్డు మీద లారీ తోలారు. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు.

స్టీరింగ్ కొనకుండా కీబోర్డుతో తోలొచ్చా?

నిక్షేపంగా తోలొచ్చు. మొదటి ఏడాదిన్నర నేను కీబోర్డుతోనే తోలాను. కారు రేసుల్లో లాగా ఇక్కడ క్షణాల లెక్క ఉండదు. ఇరవై టన్నుల లోడుతో గంటకు ఎనభై, తొంభై కిలోమీటర్ల మీద పోతుంటాం. బండికి తొందర లేదు, మీ వేళ్ళకూ అక్కర్లేదు. ముందు కీబోర్డుతో ఓ నెల తోలి, ఈ ఆట మీకు పడుతుందో లేదో చూసుకోండి. డబ్బు ఖర్చు సంగతి ఆ తర్వాత.

కీబోర్డుతో తోలుతుంటే బండి పాములా మెలికలు తిరుగుతోంది. ఏం చేయాలి?

మీటకు రెండే స్థితులు: నొక్కి ఉండటం, వదిలి ఉండటం. సగం తిప్పడమనేది దానికి తెలియదు. ఆ సగాన్ని మీ తరఫున ఆటే లెక్కగట్టి తిప్పుతుంది. ఎంత వేగంగా తిప్పాలన్నది కంట్రోల్స్ మెనూలో స్టీరింగ్ సెన్సిటివిటీ అనే జారుడు మీట చెబుతుంది. బండి మెలికలు తిరుగుతోందంటే అది ఎక్కువగా ఉందని అర్థం. కొంచెం కొంచెంగా తగ్గించండి.

ఎంత తగ్గించాలో తేల్చుకోవడానికి నేను చేసే పని ఇది. తిన్నటి హైవే మీద ఎనభైలో పోతూ, కుడికి తిప్పే ‘డీ’ మీటను ఒక్కసారి తట్టి వదులుతాను. బండి గీత వైపు నెమ్మదిగా వాలాలి. ఒక్క తట్టుకే గీత దాటిపోతే ఇంకా తగ్గించాలి. అయిదారు తట్లకు కూడా కదలకపోతే మరీ తగ్గించేశామన్నమాట.

రెండోది వేళ్ళ అలవాటు. మీటను అదిమి పట్టొద్దు, తడుతూ పోవాలి. మూడోది చూపు. కొత్తవాళ్ళంతా బానెట్ ముందున్న పది గజాలే చూస్తారు. అందుకే తప్పు కనిపించేసరికి ఆలస్యమై, ఎక్కువ తిప్పేసి, మళ్ళీ వెనక్కి తిప్పుతారు. మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూపు నిలపండి. నా మెలికలు సగం దీంతోనే పోయాయి.

మౌస్‌తో తిప్పడం నయమా?

చాలామందికి నయమే. కీబోర్డుతో పాటు మౌస్ స్టీరింగ్ అనే ఆప్షన్ ఎంచుకుంటే, మౌస్‌ను ఎంత జరిపితే స్టీరింగ్ అంత తిరుగుతుంది. పొడవైన వంపుల్లో చాలా నున్నగా పోతుంది. మెలికల బాధ తీరుతుంది.

రెండు ఇబ్బందులున్నాయి. మౌస్‌కు నడిమి చోటు చేతికి తెలియదు, కళ్ళతో చూసి తెచ్చుకోవాలి. చెయ్యేమో స్టీరింగ్ మీదే ఉండిపోతుంది, కాబట్టి మౌస్‌తో అటూ ఇటూ చూసే వీలు పోతుంది. అద్దాల కోసం ఎఫ్2 నొక్కి తెర మీద చూపించుకోండి. చూపు తిప్పే మీటలను నంబర్ల వైపు పెట్టుకోండి.

గేమ్‌ప్యాడ్ ఉంది. దానికి ఏ సెట్టింగ్ ముఖ్యం?

స్టీరింగ్ నాన్ లీనియారిటీ. బొటనవేలి కింద ఉండే చిన్న కర్ర మొత్తం కదిలేది ఒక సెంటీమీటరు మేర. ఆ కాస్త చోటులో లారీ చక్రం మొత్తం ఇమడాలి. నాన్ లీనియారిటీ పెంచితే నడుమ దగ్గర కదలిక మెత్తగా, అంచుల దగ్గర చురుగ్గా మారుతుంది. హైవే మీద వేలు కొద్దిగా వణికినా బండి వణకదు. కర్ర పాతబడి దానంతటదే ఒక పక్కకు లాగుతుంటే డెడ్‌జోన్ (నడుమ దగ్గర కర్ర కాస్త కదిలినా ఆట పట్టించుకోని చోటు) ఇంకాస్త పెంచండి, అంతకు మించి వద్దు.

గేమ్‌ప్యాడ్‌తో అసలు లాభం ఆక్సిలరేటర్, బ్రేకుల దగ్గర ఉంది. వెనక ట్రిగ్గర్లను సగం నొక్కితే సగం బ్రేకే పడుతుంది.

స్టీరింగ్ కొనదలిచాను. ఏమేం చూడాలి?

ముందు అది ఎంత తిరుగుతుందో చూడండి. లాజిటెక్ జీ29, జీ920, జీ923 మొత్తం 900 డిగ్రీలు తిరుగుతాయి, అంటే రెండున్నర చుట్లు. థ్రస్ట్‌మాస్టర్ టీ300 తిరిగేది 1080 డిగ్రీలు, మూడు చుట్లు. హోరి సంస్థ లారీ ఆటల కోసమే చేసిన సెట్టు 1800 డిగ్రీలు, అయిదు చుట్లు తిరుగుతుంది. నిజం లారీకి ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగైదు చుట్లు తిప్పాలి కాబట్టి హోరి దానికి దగ్గరగా ఉంటుంది. అలాగని 900 తక్కువేమీ కాదు. నాకు ఇన్నేళ్ళలో లోటు తెలిసింది గోడౌన్లలో మలుపు తిప్పేటప్పుడే.

180, 270 డిగ్రీలు మాత్రమే తిరుగుతూ, లోపల మోటారుకు బదులు స్ప్రింగో రబ్బరో ఉండే చవక రకాలు లారీకి వద్దు. వాటితో హైవే మీద తోలడం గేమ్‌ప్యాడ్ కన్నా కష్టం.

జీ29 లోపల పళ్ళ చక్రాలుంటాయి, గతుకుల్లో టకటకమంటుంది. టీ300లో బెల్టు ఉంటుంది కాబట్టి నున్నగా తిరుగుతుంది. రాత్రిపూట పక్కగదిలో పిల్లలు నిద్రపోయే ఇల్లయితే ఇది ఆలోచించాల్సిన సంగతే. కంప్యూటర్‌తో పాటు ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళు జీ29, ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్ళు జీ920 తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే, చెన్నై మౌంట్ రోడ్డు పక్క ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అయినా, తెలిసినవాళ్ళ దగ్గరైనా, కరెంటు పెట్టించి చూడకుండా డబ్బివ్వొద్దు. ప్లగ్గు పెట్టగానే అది తనంతట తానే ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి నడుమ ఆగాలి. నడుమ కాకుండా పక్కకు ఆగితే అనుమానించండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో విండోస్ గేమ్ కంట్రోలర్ల పరీక్ష తెర తెరిచి, ఒక్కో పెడల్‌ను నెమ్మదిగా నొక్కండి. తెర మీది గీత నున్నగా పెరగాలి. మధ్యలో ఎగిరిపడితే లోపల దుమ్ము చేరిందనో, అరిగిందనో అర్థం.

స్టీరింగ్ వచ్చింది, బిగించాను. ఆటలో ఏమేం మార్చాలి?

ముందు ఆట బయట. లాజిటెక్ అయితే కంప్యూటర్‌లో జీ హబ్ అనే వాళ్ళ సెట్టింగ్‌ల సాఫ్ట్‌వేర్ తెరిచి తిరుగుడును 900 డిగ్రీలకు పెట్టండి. దాని మూలంగానే చాలామంది మొదటి రోజు తికమకపడతారు: అక్కడ 270 ఉండిపోతే చేయి కాస్త కదిలినా బండి పొలంలో పడుతుంది.

ఆటలోకి వెళ్ళాక నాన్ లీనియారిటీని సున్నాకు తెచ్చేయండి. గేమ్‌ప్యాడ్‌కు ఎంత అవసరమో స్టీరింగ్‌కు అంత అనవసరం. చెయ్యి ఎంత తిప్పితే చక్రం అంతే తిరగాలి. స్టీరింగ్ యానిమేషన్ రేంజ్‌ను కూడా 900కు పెడితే తెర మీది స్టీరింగ్, చేతిలోది ఒకేలా తిరుగుతాయి. ఇది చూడటానికి చిన్న విషయం. అవి రెండూ కలవకపోతే మాత్రం అరగంటలో తల బరువెక్కుతుంది.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (లోపలి మోటారు స్టీరింగ్‌ను లాగి, కుదిపి రోడ్డును చేతికి తెలిపే బలం) గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: అందరూ ఎక్కువ పెట్టుకుంటారు. ఇంజన్ వణుకు, ఢీకొన్నప్పటి కుదుపు రెండూ బాగా తగ్గించేయండి. స్టీరింగ్ నడుమకు లాగే బలాన్ని మాత్రం ఉంచండి. మలుపు అయ్యాక చక్రం దానంతటదే వెనక్కి వచ్చేది దానివల్లే, చేతికి ఆసరా ఇచ్చేదీ అదే. ఇంజన్ వణుకు ఎక్కువుంటే బండి ఆగి ఉన్నా బల్ల గుర్రుమంటుంది. మా కింది వాటా అక్క ఒకరోజు పైకొచ్చి, రాత్రి పదకొండింటికి మీ ఇంట్లో ఏం రుబ్బుతున్నారని అడిగింది. ఆ రాత్రే తగ్గించాను. బల్ల కాళ్ళ కింద మడిచిన తువ్వాళ్ళు కూడా పెట్టాను.

బ్రేకు తొక్కితే పెడల్స్ ముందుకు జారుతున్నాయి, కుర్చీ వెనక్కి పోతోంది.

మన ఇళ్ళలో దాదాపు అందరికీ ఉన్న బాధ ఇది. జీ29 పెడల్స్ అడుగున కార్పెట్‌లో దిగేలా పళ్ళుంటాయి. మన నేలలేమో టైల్స్, గ్రానైటు. పళ్ళు దేంట్లోనూ దిగవు. దానికి తోడు ఆ బ్రేకు పెడల్ లోపల రబ్బరు దిమ్మ ఉంటుంది, గట్టిగా తొక్కితే గానీ కిందికి పోదు. తొక్కిన బలమంతా, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీని వెనక్కి నెడుతుంది. ఒకసారి టోల్ గేటు దగ్గర నేను బ్రేకు మీద కాలు మోపగానే కుర్చీ రెండడుగులు వెనక్కి పోయింది. కాలు అందలేదు. బండి తిన్నగా గేటును గుద్దేసింది.

మాధవరంలోని ఒక వడ్రంగి దగ్గర రెండడుగుల పొడవు పలక కోయించాను. పలక ఒక కొస మీద పెడల్స్ స్క్రూలతో బిగించాను. రెండో కొస కుర్చీ ముందు కాళ్ళ కిందికి వచ్చేలా పెట్టాను. కూర్చున్నవాడి బరువే పలకను పట్టి ఉంచుతుంది. కుర్చీకి చక్రాలు తీసేసి మామూలు కాళ్ళు వేసుకుంటే ఇంకా మంచిది. పలక చేయించుకోలేకపోతే, పెడల్స్‌ను గోడకు ఆనించి, కింద రబ్బరు డోర్‌మ్యాట్ వేయండి. గోడ ఎక్కడికీ పోదు.

ఇంకా గట్టిగా ఉందనిపిస్తే ఆటలో బ్రేక్ ఇంటెన్సిటీ పెంచండి. కాలు తక్కువ తొక్కినా బండి ఆగుతుంది. అద్దం బల్లకు మాత్రం స్టీరింగ్ క్లాంపు బిగించొద్దు. అది పగులుతుంది.

గంటసేపు తోలేసరికి భుజాలు, మణికట్లు నొప్పెడుతున్నాయి.

సెట్టింగ్‌ల దగ్గరికి పోకముందు మీరు కూర్చునే తీరు చూసుకోండి. మామూలు రాతబల్ల స్టీరింగ్‌కు ఎత్తు ఎక్కువ. పైన బిగిస్తే చేతులు ఛాతీకి పైకి లేస్తాయి, భుజాలు మెడ దగ్గరికి వస్తాయి. కుర్చీ ఎత్తు పెంచండి, లేదా బల్ల ముందు ఇంకో పొట్టి స్టూలు లాంటిది పెట్టి దానికి బిగించండి. మోచేతులు కాస్త వంగి, ముంజేతులు దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. వీపు కుర్చీకి ఆనాలి. భుజం కుర్చీకి ఆనే ఉండగా మణికట్టు స్టీరింగ్ పై అంచుకు అందితే దూరం సరిపోయినట్టే.

నాన్న మొదటిసారి నా పక్కన నిలబడి చూసినప్పుడు స్క్రీన్ వైపు చూడలేదు. నా వేళ్ళ వైపు చూశారు. గణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని ఉన్నాను. ‘ఒరే అబ్బయా, అదేమన్నా పారిపోతందా? వదులుగా పట్టు’ అన్నారు. వాళ్ళ పాత బండ్లకు పవర్ స్టీరింగ్ లేదు. లోడుతో ఆగి ఉన్న బండి చక్రం తిప్పాలంటే లేచి నిలబడి తిప్పేవాళ్ళట. అంత బరువు తిప్పినవాళ్ళే రోడ్డు మీద పోయేటప్పుడు మాత్రం వేళ్ళు ఊరికే ఆనించి ఉంచేవాళ్ళు. తొమ్మిది, మూడు గంటల దగ్గర కాకుండా కాస్త కిందికి, ఎనిమిది, నాలుగు గంటల దగ్గర పట్టుకుని, చేతుల బరువు తొడల మీద వేసుకోమన్నారు. నా భుజం నొప్పి వారంలో తగ్గింది.

చెన్నై ఉక్కలో ఇంకో సంగతి: చెమటకు స్టీరింగ్ జారుతుంది, జారుతుంటే తెలియకుండానే గట్టిగా పడతాం. ఒళ్ళో ఒక నూలు తువ్వాలు ఉంచుకోండి. గంటకొకసారి లేచి ఇటూ అటూ నడవండి. ఐరోపాలో నిజం లారీ డ్రైవర్లకు నాలుగున్నర గంటలు తోలాక నలభై అయిదు నిమిషాల విరామం చట్టం. ఆటకు మనం అంతకన్నా ముందే లేవచ్చు. ఇంత చేసినా నొప్పి తగ్గకుండా, తిమ్మిర్లు కూడా ఉంటే ఆట ఆపి డాక్టరుకు చూపించండి.

డ్రైవర్‌కు సాయపడే సెట్టింగ్‌లు పెట్టుకుని తోలితే మోసం చేసినట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మీద నాకు కోపం రాదు, బాధ కలుగుతుంది. ఎవరో ఏదో అన్నారని, సాయాలన్నీ తీసేసి, రెండు రోజులు కుస్తీ పట్టి ఆట మానేసినవాళ్ళు నాకు తెలుసు.

నిజం లారీల్లో ఏముందో చూడండి. యూరోపియన్ యూనియన్‌లో 2015 నవంబరు నుంచి అమ్మే కొత్త పెద్ద లారీలకు, కొన్ని మినహాయింపులు తప్ప, ఎమర్జెన్సీ బ్రేకింగ్, గీత దాటితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. వోల్వో 2013లోనే స్టీరింగ్‌కు ఎలక్ట్రిక్ మోటారు జోడించింది. నెమ్మదిగా పోయేటప్పుడు అది చక్రాన్ని తేలిక చేస్తుంది, రోడ్డు గతుకులు చేతికి తెలియకుండా మింగేస్తుంది. ఇవన్నీ వాడే డ్రైవర్‌ను అక్కడ ఎవరూ మోసగాడు అనరు. మన దేశంలో 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మూడున్నర టన్నులకు పైబడిన సరుకు బండ్లకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఆ వార్త చదివి వినిపిస్తే నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన ఎడమ మోకాలు చూపించారు. ఆయన బండ్లలో ఇంజన్ క్యాబిన్ లోపలే, సీటు పక్కనే ఉండేది. మే నెలలో గూడూరు దాటేసరికి ఆ వైపు కాలు కమిలిపోయేది. ‘మొదట పవర్ స్టీరింగ్ బండి ఎక్కిన రోజు నాకు ఏడుపొచ్చింది రా’ అన్నారు.

ఒంటికి హాయినిచ్చేది ఏదైనా మొహమాటపడకుండా పెట్టుకోండి. చెయ్యి కుదిరాక మీకే అనిపిస్తే ఒక్కొక్కటే తీయండి.

సరే, ఏ సాయం దేనికి?

క్రూజ్ కంట్రోల్ అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది. కోరుకున్న వేగం అందుకున్నాక ‘సీ’ నొక్కితే చాలు, వేలో కాలో తీసేయొచ్చు. కాలు నొప్పి ఉన్నవాళ్ళకు ఇది వరం. బ్రేకు తొక్కితే ఆగిపోతుంది. అడాప్టివ్ క్రూజ్ అయితే ముందు బండికి దూరం పాటిస్తూ వేగాన్ని తగ్గించి పెంచుతుంది.

ఎమర్జెన్సీ బ్రేక్ ముందున్నదాన్ని గుద్దబోయే ముందు తనే బ్రేకు వేస్తుంది. నిద్రమత్తులో ఆడేవాళ్ళను చాలాసార్లు కాపాడుతుంది.

ట్రైలర్ స్టెబిలిటీ పెంచితే మలుపుల్లో ట్రైలర్ పక్కకు ఒరగడం తగ్గుతుంది. కొత్తలో నిండుగా పెట్టుకుని, మలుపుల్లో వేగం తగ్గించడం అలవాటయ్యాక కిందికి దించండి. ఎందుకు దించమంటున్నానంటే, ఎత్తైన లోడు మలుపులో బయటి వైపుకు తూగడం తెలియాలి. అది తెలిస్తేనే వేగం ఎక్కడ తగ్గించాలో ఒంటికి తెలుస్తుంది.

వేగ పరిమితి ఆప్షన్ బండిని గంటకు 90 దాటనివ్వదు. ఐరోపాలో బరువు లారీలకు నిజంగానే ఉన్న నియమం అది. నేను దాన్ని ఎప్పుడూ తీయను.

గేర్లు ఆటోమేటిక్‌లో ఉంచాలా, నేనే వేసుకోవాలా?

స్టీరింగ్ చేతికి వచ్చేవరకు ఆటోమేటిక్‌లోనే ఉంచండి. ఒకేసారి రెండూ నేర్చుకోవడం కష్టం. పైగా ఇప్పటి ఐరోపా లారీల్లో ఎక్కువ వాటికి పన్నెండు గేర్ల ఆటోమేటిక్కే ఉంటుంది. తర్వాత సీక్వెన్షియల్‌కు మారండి, స్టీరింగ్ వెనక ఉండే రెక్కలతో ఒక్కో గేరు పైకీ కిందికీ. అమెరికా ఆటలో పద్దెనిమిది గేర్ల బాక్సు విడి గేరు కర్రతో వేయడం మాత్రం ఎంత సరదాగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. అయితే దానికి కర్ర, క్లచ్చి పెడల్, బోలెడు ఓపిక కావాలి.

దిగుడు రోడ్ల మీద బండి ఆగడం లేదు.

బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడుతున్నారు. ‘బీ’ నొక్కితే ఇంజన్ బ్రేకు, అంటే ఇంజనే బండిని నెమ్మది చేస్తుంది. రిటార్డర్ (మామూలు బ్రేకు తొక్కకుండానే వేగం తగ్గించే అదనపు ఏర్పాటు) ఉన్న బండి కొంటే ఇంకా మంచిది, దాన్ని మెట్లు మెట్లుగా పెంచుకోవచ్చు. దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి, కింది గేరులోకి దిగాలి. సగం దిగాక చేస్తే లాభం లేదు. స్టీరింగ్ ఉన్నవాళ్ళు ఇంజన్ బ్రేకును బొటనవేలికి అందే బటన్‌కు పెట్టుకోండి. కీబోర్డు కోసం చెయ్యి చాచే లోపు మలుపు వచ్చేస్తుంది.

రివర్స్‌లో ట్రైలర్ నేను తిప్పినదానికి ఎదురు వైపు పోతోంది.

అది దాని స్వభావం. ముందు బండి వెనక భాగం ఒక వైపు పోతే, కొక్కెం దగ్గర ట్రైలర్ ముక్కును అటే నెడుతుంది. ముక్కు అటు పోతే తోక ఇటు పోతుంది. పుస్తకంలో చదివితే అర్థమవుతుంది, చేతికి మాత్రం రాదు.

నాకు చేతికి తెప్పించింది నాన్న. ఒక శనివారం మధ్యాహ్నం గోడౌన్ ముందు నేను ఇరవై నిమిషాలుగా ముందుకీ వెనక్కీ కొట్టుకుంటున్నాను. ఆయన టీ గ్లాసు కిటికీలో పెట్టి వచ్చి, నా కుడిచేతిని స్టీరింగ్ మీద నుంచి తీసి, అడుగున, ఆరు గంటల దగ్గర పెట్టారు. ఎడమ చెయ్యి తీసెయ్యమన్నారు. ‘ఇప్పుడు తోక ఎటు పోవాల?’ అన్నారు. కుడికి అన్నాను. ‘అయితే చెయ్యి కుడికి నెట్టు. అంతే.’ నెట్టాను. కుడి అద్దంలో ట్రైలర్ చివరి చక్రం కుడికి కదలడం మొదలైంది. ‘చాలు, ఇంక చక్రం ఎనక్కి తే. దాని ఎంట నువ్వు పో’ అన్నారు. మూడో ప్రయత్నంలో రెండు పసుపు గీతల మధ్య ఆగింది.

చెయ్యి అడుగున ఉంచి, తోక పోవాల్సిన వైపుకే చెయ్యి నెట్టాలి. ఈ ఒక్కటి గుర్తుంటే బుర్ర తిరగేసి ఆలోచించాల్సిన పని పోతుంది. మిగతావి: వేగం నడక కన్నా తక్కువ ఉండాలి, తిప్పేది కొంచెమే తిప్పాలి, ట్రైలర్ వంకర కాగానే సరిదిద్దడం మొదలుపెట్టాలి. మరీ వంకరైతే సిగ్గుపడకుండా ముందుకు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టండి. ముప్పై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళూ అదే చేస్తారు. కిటికీలోంచి తల బయట పెట్టి చూసే కెమెరా కూడా ఉంది, మీట 5. మొదట్లో దాన్ని బాగా వాడుకోండి.

మనం ఎడమ పక్క పోయేవాళ్ళం. ఆటలో కుడి పక్క పోవాలంటే తికమకగా ఉంది.

బ్రిటన్‌లో మొదలుపెట్టండి. కొత్త ఆట తెరిచినప్పుడు సొంతూరిని ఎంచుకోమంటుంది. బర్మింగ్‌హామో, మాంచెస్టరో పెట్టుకుంటే రోడ్డుకు ఎడమ పక్కనే పోతారు, రౌండానాల (గుండ్రటి కూడళ్ళ) చుట్టూ కూడా మన దిక్కుగానే తిరుగుతారు. సొంత బండి కొన్నాక స్టీరింగ్ కుడివైపు ఉండే లోపలి భాగం కూడా దొరుకుతుంది. లోపలి డిజైన్లలో యూకే అని పేరున్నవి చూడండి. అవి పెట్టించుకుంటే మన చెన్నై బండ్లలో కూర్చున్నట్టే ఉంటుంది. చెయ్యి కుదిరాక డోవర్ రేవులో ఫెర్రీ ఎక్కి, ఫ్రాన్స్‌లోని కలే దగ్గర దిగండి. అక్కడి నుంచి కుడి పక్క పోవాలి. మొదటి మలుపు మాత్రం నెమ్మదిగా తిప్పండి.

ఆడుతుంటే కడుపులో తిప్పుతోంది.

స్టీరింగ్‌తో పాటు కెమెరా తిరిగే ఆప్షన్, ఇండికేటర్ వేస్తే చూపు పక్కకు పోయే ఆప్షన్ రెండూ తీసేయండి. కొందరికి అవి సాయమే, మీకు మాత్రం పడటం లేదు. క్యాబిన్ ఊగడాన్ని తగ్గించండి. సీటు ఎత్తు, దూరం ఎఫ్4 తో సర్దుకుని, రోడ్డు దిగంతం తెర నడిమికి కాస్త పైన ఉండేలా చూసుకోండి. గదిలో లైటు వేసుకోండి, ఫ్యాను ముఖానికి తగలనివ్వండి. వికారం మొదలయ్యాక పట్టుదలతో ఆడొద్దు. ఆ రోజుకు ఆపేయాలి.

ఫోన్‌లో ఆడేవాళ్ళకు?

ట్రక్కర్స్ ఆఫ్ యూరప్ 3, బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా లాంటివాటిలో ఫోన్‌ను వంచడం, బాణాలు, తెర మీది చక్రం అని మూడు పద్ధతులుంటాయి. మెట్రోలో, ఆఫీసు బస్సులో ఆడితే వంచడం పనికిరాదు, బస్సు తిరిగితే బండీ తిరుగుతుంది. నేను తెర మీది చక్రం ఎంచుకుంటాను. ఫోన్‌ను ఒళ్ళో బ్యాగు మీద ఆనించి ఆడండి, గాల్లో పట్టుకుంటే మెడ పట్టేస్తుంది.

కొన్ని నెలలకే పెడల్ నొక్కకుండానే బ్రేకు పడుతోంది. పాడైనట్టేనా?

చాలావరకు దుమ్మే. జీ29 పెడల్స్ లోపల, పెడల్ ఎంత నొక్కామో కొలిచే పొటెన్షియోమీటర్లుంటాయి. వాటిలో దుమ్ము చేరితే సిగ్నల్ ఎగిరిపడుతుంది. రిచీ స్ట్రీట్‌లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే డబ్బా అడిగి తెచ్చుకోండి. కరెంటు తీసేసి, పొటెన్షియోమీటర్ సందులో కొద్దిగా కొట్టి, పెడల్‌ను ఓ యాభైసార్లు తొక్కి వదలండి. పది నిమిషాలు ఆరనివ్వండి. గ్యారంటీ ఇంకా ఉంటే మాత్రం విప్పకుండా వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు స్టీరింగ్ తనను తాను తిప్పి చూసుకుంటుందని చెప్పాను కదా. ఆ కాసేపు చేతులు తీసేయాలి. పట్టుకుని ఉంటే నడుమ తప్పుగా కుదిరి, బండి ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. అలా అయితే ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టాలని ఉంది. ఏం పెట్టాలి?

సాయాలన్నీ పెట్టండి: ఆటోమేటిక్ గేర్లు, ఎమర్జెన్సీ బ్రేకు, ట్రైలర్ స్టెబిలిటీ నిండుగా. అలసట, జరిమానాలు తీసేయండి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ సగానికి తగ్గించండి, పెద్దవాళ్ళ కీళ్ళకు కుదుపు మంచిది కాదు. అద్దాలు తెర మీద పెద్దగా కనిపించాలి. లారీ తోలినవాళ్ళయితే ముందు వెతికేది అవే. నాన్న కూర్చోగానే అడిగిన మొదటి మాట, ‘ఎనక ఎవురొస్తన్నారో కనపడదేం?’ ఎఫ్2 నొక్కి చూపించాక కుదుటపడ్డారు.

పక్కన నిలబడి ఇలా తిప్పు, అలా తిప్పు అని చెప్పకండి. నాన్న ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు సాయంత్రం పూట తోలుతున్నారు. బ్రిటన్‌లోనే, ఎడమ లేన్‌లో, డెబ్బైకి మించకుండా. ఎదురు లారీ వస్తుంటే హెడ్‌లైట్ డిప్ చేస్తారు, పగలైనా సరే.